నలభై రికార్డుల పంపకం

21 జనవరి 1980, సోమవారం

మూడుసార్లు అడిగి తెలుసుకున్నాను. పొలం తగాదా? కాదు. ఆడవాళ్ళ సంగతా? కాదు. మొన్నటి ఎన్నికలా? "కాదత్తా, రికార్డులు" అంది నా కోడలు దేముడమ్మ బియ్యం చెరుగుతూ. ప్రతి ఇంట్లో రోజూ జరిగేదే అన్నట్టు చెప్పింది.

నా కొడుకు సత్యానికి ముప్పై నాలుగేళ్ళు. బీయే చదివాడు. పోర్టులో ట్యాలీ గుమాస్తా. ఓడల నుంచి దిగే మూటలు లెక్కపెడతాడు. ఏడేళ్ళ కూతురికి తండ్రి. అలాంటి మనిషి నిన్న సాయంత్రం పూర్ణా మార్కెట్ పక్కన తన చిన్ననాటి స్నేహితుడు కరీం రేడియో రిపేరు దుకాణంలో, ఎనిమిది మంది చూస్తుండగా, కరీం చొక్కా పట్టుకున్నాడు. డెబ్భైల్లో వచ్చిన హార్డ్ రాక్, హెవీ మెటల్ రికార్డులన్నిటిలోకీ ఏది గొప్పదన్న విషయం మీద.

ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగి తొమ్మిదేళ్ళయింది. ఇంతవరకు ఒక్క మేకు బయటికి రాలేదు. మా అల్లిపురం ఇంట్లో మాత్రం ఆ తొమ్మిదేళ్ళూ మెటల్ మోగుతూనే ఉంది. అలవాటు పడ్డాననుకున్నాను. పడలేదు.

22 జనవరి

సత్యం అన్నం తినలేదు. పెరుగు తిన్నాడు. రికార్డు ప్లేయరు మీద తువ్వాలు కప్పి ఉంది, ఎవరో పోయినట్టు.

23 జనవరి

అప్పలసూరి వచ్చాడు. పోర్టులో క్రేను నడుపుతాడు. ఆ ఎనిమిది మందిలో ఒకడు.

"కొత్త సంవత్సరం నుంచీ ఆదోరం ఆదోరం కూకుంటన్నామండి టీచరమ్మా. పదేళ్ళు అయిపోనాయి కదా, పది గొప్ప రికార్డులు రాసేద్దామనీసి. రెండో నంబరు నుంచి పదో నంబరు దాకా రాసేసినాం. ఒకటో నంబరు కాడ ఆగిపోనాది."

ఆ రికార్డుల ఇంగ్లీషు పేర్లు ఇక్కడ రాయను. నా డైరీకి ఒక మర్యాద ఉంది. అట్టల మీద బొమ్మలను బట్టి నేను పెట్టుకున్న పేర్లే రాస్తాను. కరీం ఒకటో నంబరు దాకలి: నల్లటి అట్ట మీద కమ్మరి ఇనుము కొట్టే దాకలి, దాని మీద ఒక్క నిప్పురవ్వ. సత్యం ఒకటో నంబరు మంచు ఓడ: గడ్డకట్టిన సముద్రంలో ఇరుక్కున్న ఓడ. దాకలి మొదటి దెబ్బకే దుకాణంలో గాజుగ్లాసులు కదులుతాయని కరీం వాదన. గ్లాసులు లారీకి కూడా కదులుతాయని, మంచు ఓడ మాటల్లో లోతుందని సత్యం వాదన. ఏం లోతో చెప్పమన్నాడట కరీం.

"అప్పుడు సత్యంబాబు కరీం సొక్కా అట్టుకుని అనకూడని మాట అనేసినాడండి."

"ఏ మాట?"

అప్పలసూరి మెడ గోక్కున్నాడు. గోడ మీద క్యాలెండరు చూశాడు. చివరికి చెప్పాడు. "'ఎస్సెల్సీ తప్పినోడివి, ఇంగ్లీషు ముక్క అర్థం కాదు, నీకెందుకురా ఇవన్నీ, సోల్డరింగు సేసుకో' అన్నాడండి. కరీం పనిముట్లు సర్దీసి షట్టరు దింపీసినాడు."

ముప్పై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పిన నా ఇంట్లో పుట్టే మాట కాదు అది. ఓడల మీద నేర్చి ఉంటాడు.

25 జనవరి, శుక్రవారం

కరీం వచ్చాడు. ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే "పర్లేదు అమ్మగోరు" అన్నాడు. తర్వాత అడిగాడు.

"సత్యంగారు ఉన్నారాండీ?"

గారు! పాతికేళ్ళుగా ఒకరినొకరు బావ అని పిలుచుకుంటున్నారు. దేముడమ్మ చేతిలో చెంబు జారింది. నా కొడుకు బయటికి వచ్చి, అవతల ఎవరో ఇన్స్పెక్టరు నిలబడ్డట్టు బొత్తాం పెట్టుకున్నాడు.

"మన రికార్డులు పంచేసుకుందామండి" అన్నాడు కరీం.

నలభై ఉన్నాయి. డెబ్భై ఒకటి నుంచి కలిసి పోగుచేసినవి. సత్యం ఓడలెక్కి, నావికుల దగ్గర చొక్కాలకీ అరటిగెలలకీ మార్చుకుని తెచ్చేవాడు. గీతలు పడ్డవాటినీ వంగినవాటినీ కరీం మోగేట్టు చేసేవాడు. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు.

"అమ్మగోరు పంచితే నాకు సమ్మతం" అన్నాడు కరీం.

"నాకూ సమ్మతమేనండి" అన్నాడు నా కొడుకు. వీడూ అండీ!

27 జనవరి, ఆదివారం

మా గేటు బయటి అరుగు మీద కూర్చోబెట్టాను. సాక్షి అప్పలసూరి. ఒక్కో రికార్డు పైకెత్తి ఇది ఎంతటిదని అడగడం నా పని.

ఏం వినాల్సి వచ్చిందో రాస్తే తప్ప నాకే నమ్మకం కుదరదు. దాకలి ఎత్తాను. "అబ్బే, అది రేకులడబ్బా చప్పుడండి" అన్నాడు కరీం. వారం కిందట దాని కోసమే చొక్కా చింపించుకున్న కరీం! "లేదండి, అందులో డ్రమ్ములు గొప్పవి" అన్నాడు సత్యం. మంచు ఓడ ఎత్తాను. "ఆ పాటగాడికి జలుబు, రెండో పక్క అసలు ఇనలేం" అన్నాడు నా కొడుకు. "అలాగనకండి, ఈ పదేళ్ళలో అలాటి గిటారు మరోటి రాలేదు" అన్నాడు కరీం. అప్పలసూరి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాను ఏ ఊళ్ళో ఉన్నానండీ?" అని అడిగాడు.

అప్పుడు అర్థమైంది నాకు. చోడవరం దగ్గర మా పల్లెలో పొలాలు పంచుకునేటప్పుడు అన్నదమ్ములు మాట్లాడే భాష ఇది. కావలసిన మడిని చవుడు అంటారు. అక్కర్లేనిదాన్ని బంగారం అంటారు. ఎదుటివాడు బంగారం వైపు పోతే చవుడు తనకు మిగులుతుందని. ఇంగ్లీషువాడి గిటారు మీద కూడా ఈ ఎత్తు పారుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఒక పూటంతా అబద్ధాలు విన్నాను. తమాషా ఏమిటంటే, రెండో నంబరు నుంచి పదో నంబరు దాకా ఇద్దరూ కలిసి రాసుకున్న జాబితా మొత్తం ఈ పూటకు తలకిందులైంది. పుర్రె అట్ట, గుడ్లగూబ అట్ట, మూడు గుర్రాల అట్ట, అన్నీ పనికిమాలినవే. పనికిమాలినవాటి కోసం తొమ్మిదేళ్ళు నా చెవులు ఊదరగొట్టారు!

"చాలు" అన్నాను. "మా పద్ధతిలో చేద్దాం. పెద్దవాడు వాటాలు వేస్తాడు. చిన్నవాడు ముందు కోరుకుంటాడు."

సత్యం కరీం కంటే నాలుగు నెలలు పెద్ద. రెండు దొంతర్లు వాడు వెయ్యాలి. ఏది కావాలో కరీం చెప్పాలి.

29 జనవరి

సత్యం తలుపు వేసుకుని దొంతర్లు వేస్తున్నాడు.

30 జనవరి

ఇంకా వేస్తున్నాడు.

31 జనవరి

వేశాడు. ఇరవై, ఇరవై. చూసి నాకు చెమట పట్టింది.

మోసం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. ఎడమ దొంతరలో కరీంకు ప్రాణమైనవన్నీ ఉన్నాయి, పైన దాకలి. కుడి దొంతరలో వాడికి ప్రాణమైనవన్నీ ఉన్నాయి, పైన మంచు ఓడ. ఒక్కటి కూడా అటుదిటు కాలేదు. కరీంకు ఏవి ఇష్టమో నా కొడుక్కి ఇంత ఖచ్చితంగా తెలుసని నాకు తెలియదు. పెళ్ళాం చీరల్లో ఏది ఇష్టమో అడిగితే చెప్పలేడు.

ఇంత న్యాయమైన పంపకం నేను చూడలేదు. అదే భయం. మా నాన్నా చిన్నాన్నా విడిపోయినప్పుడు ఏతం ఒకటి ఉమ్మడిగా వదిలారు. మాటలు లేకపోయినా నీళ్ళ వంతు కోసం కేకేసుకునేవారు. వీళ్ళకు అదీ లేదు. కరీం వచ్చి తన దొంతర చూపిస్తాడు, తీసుకుపోతాడు. ఇక ఒకరి మొహం ఒకరు చూడవలసిన పని ఈ జన్మకు ఉండదు.

కరీంకు కబురు పంపాను. ఫిబ్రవరి పదిహేడో తారీకు ఆదివారం కోరుకుంటానన్నాడు. అంతవరకు దొంతర్లు పెద్దమనిషి దగ్గర, అంటే నా గదిలో, నా మంచం కింద.

పంపకం కాగితం రాసి సంతకం చేశాను. ఏ దొంతర ఎవరిదో రాసే చోటు ఖాళీగా ఉంచాను.

5 ఫిబ్రవరి

సత్యం అన్న ఆ మాట ఓడల మీద నేర్చినదే. పోర్టులో అన్ని రకాల మనుషులూ ఉంటారు.

8 ఫిబ్రవరి, శుక్రవారం

సత్యం డ్యూటీకి వెళ్ళాక ప్లేయరు మీద తువ్వాలు తీశాను. ఇంగ్లీషు అర్థం కానివాడికి ఇవెందుకు అన్నాడు కదా, అందులో ఉన్న ఇంగ్లీషు ఏమిటో చూద్దామని. విచారణ చేసేవాళ్ళు సాక్ష్యం చూడాలి. అంతే, మరో ఉద్దేశం లేదు.

దాకలి పెట్టాను. మొదటి దెబ్బకు గోడ మీద మా ఆయన ఫోటో వంకరపోయింది. సరిచేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ వంకరపోయింది. బతికున్నప్పుడూ ఆయనకు చప్పుడు పడేది కాదు.

అట్ట వెనక వాయించినవాళ్ళ జుట్టు తప్ప పాటల మాటలు లేవు. కాగితం, పెన్సిలు తెచ్చుకున్నాను. జీవితమంతా పిల్లలకు డిక్టేషన్ చెప్పాను. ఇవాళ నేను రాసుకున్నాను. మొదటిసారి ఒక్క మాట దొరకలేదు. ఐదోసారికి దొరికినవి: రోడ్డు, నిప్పు, అమ్మ, వద్దు. వద్దు చాలాసార్లు.

తర్వాత మంచు ఓడ. లోతైన మాటలున్నది. ఆరుసార్లు విన్నాను. జలుబు సంగతి నిజం. మిగిలింది దేవుడికి తెలియాలి.

ముప్పై ఎనిమిదేళ్ళ ఇంగ్లీషు టీచరుకు నూటికి నాలుగు మార్కులు. తువ్వాలు కప్పేశాను. పెన్సిలు ఎక్కడ పెట్టానో కనబడలేదు. గోల వల్ల.

11 ఫిబ్రవరి

దేముడమ్మతో అన్నాను, సత్యం అలాంటి మాట ఎక్కడ నేర్చాడో అంతుపట్టడం లేదని.

"అది మీ మాటే కదత్తా" అంది. చేప తోముతూ, తలెత్తకుండా. "కరీం వచ్చి ఎల్లినప్పుడల్లా మీరు అంటారు కదా. 'ఎస్సెల్సీ తప్పినవాడు, సోల్డరింగు చేసుకోక' అనీసి. పెళ్ళయి వచ్చిన కాడి నుంచీ ఇంటన్నాను."

12 ఫిబ్రవరి

దేముడమ్మకు మతి పోయింది.

13 ఫిబ్రవరి

దేముడమ్మకు మతి పోలేదు.

14 ఫిబ్రవరి

1961. కరీం నా దగ్గర ఇంగ్లీషు ట్యూషన్‌కు వచ్చేవాడు. వాడికి పదిహేనేళ్ళు. ఆ చలికాలం వాళ్ళ నాన్న పోయాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, వెనక బెంచీలో కూర్చున్నాడు. వ్యాసం రాయలేదని నిలబెట్టాను. మార్చిలో ఇంగ్లీషు తప్పాడు. రేడియో షాపులో చేరాడని చెప్పడానికి వచ్చాడు. వాడు వెళ్ళాక మా ఆయనతో వరండాలో అన్నాను. ఏమన్నానో రాయక్కర్లేదు. మా ఆయన నవ్వలేదు, నేను నవ్వాను. పక్కన సత్యం లెక్కలు చేసుకుంటున్నాడు.

అప్పటి నుంచి ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. కోపంతో ఒక్కసారి కూడా కాదు. తమాషాగా.

16 ఫిబ్రవరి, శనివారం

సూర్యగ్రహణం. మధ్యాహ్నం రెండింటికే ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. రేడియోలో బయటికి చూడొద్దని గంటగంటకూ చెప్తున్నారు. దేముడమ్మ ఆవకాయ జాడీ మీద, నీళ్ళ బిందె మీద దర్భలు వేసి, పిల్లను మంచం కిందికి తోసింది. నేను గొడుగు తీసుకుని బయటికి నడిచాను.

"ఓలమ్మో, ఎక్కడికత్తా!"

"భయపడకు. నన్ను రాహువు ఏమీ చెయ్యడు. అరగదు."

అల్లిపురం నుంచి పూర్ణా మార్కెట్ దాకా కుక్కలు తప్ప మనిషి లేడు. వెలుతురు ఇత్తడి చెంబు రంగుకు తిరిగింది. కరీం దుకాణం షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. ఇస్త్రీపెట్టెంత ట్రాన్సిస్టరు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి స్టూలు పడేంత గబుక్కున లేచాడు.

"ఏటమ్మగోరు, ఈ టయాన! సత్యానికేటైనా...?"

గారు మర్చిపోయాడు. నేను గమనించినట్టు కనబడనివ్వలేదు.

"మీకు గ్రహణం లేదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

"ఉన్నాదండి. నమాజు సదివొచ్చాను."

కూర్చున్నాను. దారి పొడుగునా వాక్యాలు తయారుచేసుకున్నాను, వ్యాకరణం తప్పుల్లేకుండా. ఒక్కటీ గుర్తు రాలేదు. "సత్యం అన్న ఆ మాట నాది" అన్నాను.

"తెల్దా ఏటి?" అన్నాడు.

గొడుగు నేల మీద పెట్టాను.

"వరండాలో సారుగోరితో అన్నారు కదండీ. నాను గేటు కాడ సెప్పులు తొడుక్కుంటన్నాను. మీరు నవ్వారు కూడాను." చెయ్యి సోల్డరింగు కడ్డీ మీదికి వెళ్ళి ఆగింది. "అప్పటి నుంచి గేటు దాటలేదు. దాటబుద్ధి కాలేదు. మరేటీ నేదు."

పందొమ్మిదేళ్ళు! వాడికి చెప్పులు విప్పడానికి బద్ధకమని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో చెప్పాను.

"ఒక్కసారైనా అడగలేదేం నన్ను?"

"మీరు టీచరుగోరు. మీరంటే పడతాను. ఆడంటే పడను." స్క్రూ ఒకటి ఏరి డబ్బాలో వేశాడు. "ఆడు నా టీచరు కాడు కదండీ. ఆడి కాడ నాను ఏదీ తప్పనేదు."

బయట పూర్తిగా చీకటి పడినట్టయింది. ఎక్కడో కోడి కూసింది. ఆ చీకట్లో చెప్పడం తేలికైంది. దాకలి ఐదుసార్లు, మంచు ఓడ ఆరుసార్లు విన్నానని, కాగితం పెన్సిలు పెట్టుకుని కూర్చున్నానని, నాలుగు మాటల కంటే నాకు దొరకలేదని చెప్పాను.

"మీకు అర్థం కానేదా?"

"లేదు."

"మీకా?"

"నాకే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇన్నేళ్ళూ అందులో నాకు తెలీనిదేదో ఉన్నాదనుకున్నానండి. అందరూ తలలూపుతుంటే నానూ ఊపేవోణ్ణి. నాను ఇంటన్నది సగమే, మిగతా సగం సదువుకున్నోళ్ళది అనుకునేవోణ్ణి."

తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. దాకలి మొదటి పాట. డ్రమ్ములు బల్ల మీద, గిటారు నోటితో. ఒక చోట ఆపాడు.

"ఇక్కడ ఈడు అరుత్తన్నాడు అంటారు కదా అందరూ. అరుపు కాదండి. మా నాన్న పోయినప్పుడు ఇంట్లో ఎవలం గట్టిగా ఏడవనేదు, అమ్మ బెదిరిపోద్దనీసి. పదేళ్ళ తర్వాత ఈ రికార్డు ఇన్నాను. ఓహో, ఎవడో నా బదులు ఏడిసేసినాడు అనుకున్నాను. అందుకే అది ఒకటో నంబరు. సత్యానికి సెప్పలేదు. ఎనిమిది మందిలో ఎలా సెప్తాం?"

ఏ సాహిత్యం మీదా ఇంతకంటే నిజమైన విమర్శ నేను చదవలేదు. పరీక్షలో రాసుంటే నేనే తప్పించేదాన్ని.

"మీ నాన్న ఎలా పోయాడు?" అని పందొమ్మిదేళ్ళ తర్వాత అడిగాను. చెప్పాడు. అది ఇక్కడ రాయను.

అదే రోజు, సాయంత్రం

సత్యానికి అంతా చెప్పాను, కరీం బల్ల మీద వాయించినది తప్ప. అది నేను చెప్పవలసింది కాదు. "నువ్వు నా నోటితో మాట్లాడావు. నోరు నాదైనా, ఎనిమిది మందిలో వాడింది నువ్వు" అన్నాను.

వాడు గోళ్ళు చూసుకున్నాడు. "అమ్మా, మంచు ఓడలో మాటలేటో నాకూ తెలీదు" అన్నాడు.

"మరి లోతో?"

"బీయే సదివినోణ్ణి కదా అని అందరూ నన్నే అడిగేవోరు. ఏదో ఒకటి సెప్పేవోణ్ణి. తొమ్మిదేళ్ళ నుంచి సెప్తన్నాను. నా సొంతంగా ఓ కథ కట్టీసినాను. కరీం ఏం లోతో సెప్పు అంటే, దొరికిపోతానని..."

ఈ వారంలో ఇంతకంటే విస్తుపోయే విషయం ఉండదు.

17 ఫిబ్రవరి, ఆదివారం

దొంతర్లు రెండూ రిక్షాలో పెట్టి, మధ్యలో నేను కూర్చున్నాను. సత్యం పక్కన నడిచాడు. దుకాణంలో ఎనిమిది మందీ ఉన్నారు. రెండు దొంతర్లనూ బల్ల మీద పెట్టించాను.

సత్యం అందరి ముందూ చెప్పాడు. బాగా చెప్పలేదు. మూడు వాక్యాలు, రెండు మధ్యలో తెగిపోయాయి. అన్న మాట తప్పని, తనకూ ఆ పాటల్లో మాటలు తెలియవని, తొమ్మిదేళ్ళుగా చెప్పినదంతా కల్పితమని. "అంతా కల్పితమేనేటి!" అన్నాడు అప్పలసూరి, ఆస్తి పోయినవాడిలా. "నాను మా ఇంటిదానికి కూడా సెప్పానురా ఆ ఓడ కథ! ఏడిసింది!"

ఎవరో నవ్వారు. కరీం నవ్వలేదు. క్షమించానని కూడా అనలేదు. "కోరుకోమంటారా అమ్మగోరు?" అని అడిగాడు.

పంపకం ఆగిపోతుందనుకున్నాను. ఆపమని అడగడానికి నాకు హక్కు లేదు. రాసి సంతకం చేసింది నేనే. "కోరుకో" అన్నాను.

కరీం ఎడమ దొంతర దగ్గరికి వెళ్ళాడు. పైనున్న దాకలిని అరచేత్తో ఒకసారి తుడిచాడు. తర్వాత కుడి దొంతరను రెండు చేతులా ఎత్తి, మంచు ఓడ పైనుండగా, తన అల్మారాలో పెట్టి తాళం వేశాడు.

సత్యం కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "ఒరే, అది నాదిరా! నీది అటుపక్కదిరా!"

"సిన్నోడు కోరుకోవాలి కదా. కోరుకున్నాను."

"అందులో నీకిష్టమైంది ఒక్కటీ నేదురా!"

"తెలుసు. జలుబు గొంతులు" అన్నాడు కరీం.

నేను పల్లెలో ఎన్నో పంపకాలు చూశాను. కొడవళ్ళు లేచినవి చూశాను. ఎదుటివాడి పొలం ఎత్తుకుని తన పొలం వదిలేసినవాణ్ణి చూడలేదు. మతి పోయిందేమో అని భయపడి అడిగాను, ఎందుకురా ఇలా చేశావని.

తాళంచెవి జేబులో వేసుకుంటూ, పసిపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు నాకు. "నావి నాను తీసుకుంటే ఆడివి ఆడు పట్టుకుపోతాడు కదండీ. మరి నా దుకాణానికి ఆడికి పనేటి? మీ ఇంట్లో నాకు పనేటి?"

18 ఫిబ్రవరి, సోమవారం

సాయంత్రం ఆరవుతోంది. సత్యం డ్యూటీ నుంచి ఇంటికి రాలేదు. ఎక్కడికి పోయాడని దేముడమ్మ అడిగింది.

"పాటలు వినడానికి."

"ఎవలి పాటలు?"

"తనవే."

"మరి మన ఇంట్లో ఉన్నవో?"

"అవి కరీంవి. వినడానికి రేపు వస్తాడు. లోపలికే వస్తాడట. కుర్చీ తుడిచి పెట్టు."

దేముడమ్మ వేళ్ళు మడిచి లెక్క వేసింది. మళ్ళీ వేసింది. "ఇదేం పంపకమత్తా?" అంది.

పంపకం కాగితంలో ఖాళీగా ఉంచిన చోట ఎవరి పేరు రాయాలో నాకు తెలియడం లేదు.